తివాచీ మీద టీ మరక... నా మనసు మీద ఇంకో మరక!

సినిమా పత్రికలో ఈ తివాచీ మరకల గోలేమిటండీ బాబూ, అని పేజీ తిప్పేయబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి! సినిమాలకీ తివాచీలకీ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో తనంతట తనే చుట్టుకుపోయే గింబళిని చూసి నవ్వని తెలుగువాడున్నాడా? అంతకు ఎన్నో ఏళ్ల ముందే, 1924లో, హాలీవుడ్ హీరో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ అనే మూకీ చిత్రంలో తివాచీ మీదెక్కి ఆకాశంలో చక్కర్లు కొట్టాడు. ఇక 1998లో కోయెన్ సోదరులు తీసిన ‘ది బిగ్ లెబౌస్కీ’ కథ ఎక్కడ మొదలవుతుందో తెలుసా? ఓ రౌడీ హీరోగారింట్లో దూరి, ఆయనకెంతో ఇష్టమైన తివాచీని పాడు చేసిన దగ్గర! ఒక్క మరక లోంచి రెండు గంటల సినిమా పుట్టింది.

నా జీవితంలోనూ అలాంటి మరక ఒకటుంది. అయితే అది కామెడీ కాదు.

ఆ రోజు సెట్లో...

1983 నాటి సంగతి. అప్పటికి మన తెలుగు సినిమాలు చాలా వరకు మద్రాసులోనే తయారయ్యేవి. నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ప్రాపర్టీస్ చూసే అసిస్టెంట్‌ని. అంటే ఏమిటంటారా? హీరో పట్టుకునే టెలిఫోను మొదలు విలన్ పగలగొట్టే పూలకుండీ దాకా, సెట్లోకి రావాల్సిన ప్రతి వస్తువూ అద్దెకు తేవడం, కళ్లల్లో వత్తులు వేసుకుని కాపాడడం, షూటింగయ్యాక లెక్క ప్రకారం తిరిగి అప్పజెప్పడం. తెర మీద మా పేరు కనపడినా కనపడకపోయినా, వస్తువు పోతే మాత్రం మా పేరే వినపడేది!

ఆ రోజు వేసింది జమీందారుగారి హాలు సెట్టు. మెట్లు, షాండిలియర్, మధ్యలో మీగడ రంగు ఉన్ని తివాచీ. అద్దె సరుకే. ముందురోజే దాని మీద సగం సీను తీశారు. పొద్దున్నే టీల వేళకి ప్రొడక్షన్ కుర్రాడు ట్రేతో లోపలికొచ్చాడు. పద్నాలుగో పదిహేనో ఏళ్లుంటాయేమో. నెల్లూరు వైపు నుంచి వచ్చాడు. పొడుగు చొక్కా, నవ్వు మొహం. లైట్ల కేబులు కాలికి తగిలింది. అంతే! రెండు గ్లాసుల టీ తివాచీ పాలైంది.

మరకంటే మరకే కాదు, సినిమాలో అది కంటిన్యుటీ సమస్య. నిన్నటి షాట్‌లో లేని మచ్చ ఇవాల్టి షాట్‌లో కనపడితే ప్రేక్షకుడు ఊరుకుంటాడా? అరగంటలో హీరోగారు ఫ్లోర్ మీదికొస్తారు. కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. “అన్నా, నా బేటా కట్ చేస్తారా?” అన్నాడు. “నువ్వెళ్లరా, నే చూసుకుంటా!” అన్నాను గొప్పగా.

ఏం చూసుకున్నానో వినండి. క్యాంటీన్ నుంచి సలసల కాగే నీళ్లు తెప్పించాను. అందులో గుప్పెడు చాకలి సోడా కలిపాను. కొబ్బరి పీచు పట్టుకుని, గిన్నెలు తోమినట్టు తోమాను. అరచేతిలో సగమున్న మరక అన్నం కంచమంత అయింది. లేత గోధుమ రంగల్లా ముదురు గోధుమయింది. ఇంకా గట్టిగా తోమాను. ఉన్ని అంతా ముద్దలు కట్టుకుపోయింది. ఇక లాభం లేదని టీపాయ్ ఒకటి లాక్కొచ్చి దాని మీద పెట్టి, పైన పూలకుండీ పెట్టాను. కెమెరాకి కనపడలేదు. షాటు ఓకే!

సాయంత్రం అద్దె కొట్టు మనిషి వచ్చి టీపాయ్ ఎత్తాడు. ఇక చూడాలి రభస! మేనేజరుగారు “ఎవడు చేశాడీ పని?” అని కేకేశారు. “టీ కుర్రాడు సార్!” అన్నారెవరో. వాడు తలొంచుకు నిలబడ్డాడు. మూడు రోజుల బేటా కోత పడింది. నేను అక్కడే ఉన్నాను. నోట్లో నాలుక కూడా ఉంది. కానీ పెగల్లేదు.

పదిహేనణాల తప్పు

ఆ రాత్రి కాస్ట్యూమ్స్ చూసే పెద్దాయన నన్ను పక్కకి పిలిచారు. మేమంతా బాబాయ్ అనేవాళ్లం. పట్టుచీరల మీద మేకప్ మరకలు, జరీ మీద చెమట మరకలు, తెల్ల పంచెల మీద సినిమా రక్తం... ఆయన చేతిలో లొంగని మరక లేదు. తివాచీని వేలితో తడిమి చూసి, “ఏరా అబ్బాయ్, దీనికి నువ్వేం పోశావు?” అన్నారు. చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. “టీ చేసింది ఒక్కణా తప్పురా. మిగతా పదిహేనణాలూ నీవే!” అన్నారు.

అప్పుడు ఓ గ్లాసులో పాలు లేని డికాషన్ తెప్పించారు. అందులో నిమ్మచెక్క పిండారు. రంగు చటుక్కున తేలిపోయింది. ఇంకో గ్లాసు డికాషన్‌లో చిటికెడు వంటసోడా వేశారు. అది నల్లబడిపోయింది! “చూశావా? టీ రంగుకి పులుపంటే భయం, సోడా అంటే బలం. నువ్వు మరకని కడగలేదు, మేపావు!” అన్నారు. కావాలంటే మీరూ ఇంట్లో చేసి చూడండి, రెండు నిమిషాల పని.

మరి ఉన్ని ఎందుకు పాడైంది? ఉన్ని అంటే గొర్రె బొచ్చు. మన జుట్టులాగే అదీ మాంసకృత్తే. సోడా లాంటి క్షారాలు దాన్ని తినేస్తాయి, పసుపు పచ్చగా మారుస్తాయి. వేడి నీళ్లు పోసి రుద్దితే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డ కట్టుకుపోతాయి. అది ఇక విడదీయడం బ్రహ్మతరం కాదు. తెల్లబట్టలకి వాడే బ్లీచింగ్ నీళ్లయితే మరీ ఘోరం, ఉన్నిని కరిగించేస్తాయి!

బాబాయ్ దగ్గర ఆ తర్వాత చాలా ఏళ్లు పాఠాలు చెప్పించుకున్నాను. ఆయన చెప్పిందీ, నేను చేసి చూసిందీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

ముందు మీ తివాచీ జాతకం తెలుసుకోండి

మందు వేసే ముందు డాక్టరు నాడి చూసినట్టే ఇదీ. ఏలూరు తివాచీల్లాంటి ఉన్నివి ఒక రకం. 2018లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న వరంగల్లు జంఖానాల్లాంటి నూలువి ఇంకో రకం. ఈరోజుల్లో ఇళ్లల్లో ఎక్కువగా కనిపించే నైలాన్, పాలీప్రొపిలీన్ తివాచీలు మూడో రకం. ఉన్నికి సోడా పనికిరాదు, వేడి పనికిరాదు. చొక్కాల మరకలు తినేసే ఎంజైములున్న పౌడర్లు కూడా పనికిరావు. చొక్కా మీది గుడ్డు మరకని తినే ఎంజైము ఉన్నిని మాత్రం వదులుతుందా? నూలు జంఖానాతో భయం రంగు దిగడం. సింథటిక్ రకాలకి ఇస్త్రీపెట్టె వేడే శత్రువు, కరిగిపోతాయి.

అందుకే ఏ మందైనా ముందు సోఫా కిందో బీరువా కిందో ఉండే మూల మీద రెండు చుక్కలు వేసి, తెల్లగుడ్డతో పది నిమిషాలు అద్ది చూడండి. గుడ్డకి రంగంటిందా? ఆ మందు మీ తివాచీకి వద్దు. సినిమా భాషలో చెప్పాలంటే స్క్రీన్ టెస్ట్ అన్నమాట!

అద్దండి... రుద్దకండి!

బాబాయ్ మంత్రం ఈ రెండు ముక్కలే. ఏదన్నా ఒలికిన వెంటనే శుభ్రమైన తెల్లగుడ్డ మడతపెట్టి మరక మీద నొక్కండి. తడిసిన మడత తిప్పి మళ్లీ నొక్కండి. అంచుల నుంచి మధ్యకి రావాలి. మధ్య నుంచి అంచులకి వెళితే మరకకి మీరే రోడ్డు వేసిన వాళ్లవుతారు. గట్టి పదార్థమైతే చెంచాతో మెల్లగా గీకి తీసి, తర్వాత అద్దండి. రంగు గుడ్డలు వాడొద్దు, ఆ రంగు కూడా అంటుకుంటుంది.

మన టీలో ముగ్గురు దొంగలున్నారు: డికాషన్ రంగు, పాలు, పంచదార. ఒక్కొక్కర్నీ విడిగా పట్టుకోవాలి. ముందు చల్లటి నీళ్లు కొద్దిగా చల్లి అద్దండి. తర్వాత కప్పు నీళ్లలో పావు చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, గుడ్డ ముంచి పిండి అద్దితే పాల జిడ్డు వదులుతుంది. ఉన్ని తివాచీ అయితే ఉన్నిబట్టలకి వాడే లిక్విడ్ మంచిది. ఆ తర్వాత ఒక వంతు తెల్ల వెనిగర్‌కి రెండు వంతుల నీళ్లు కలిపి అద్దితే రంగు తేలుతుంది. చివర మళ్లీ మంచినీళ్లు. ఈ చివరి మెట్టు మర్చిపోతే పంచదారా సబ్బూ జిగురులా మిగిలి, దుమ్మంతా లాక్కుని, నెల తిరక్కుండా అక్కడే నల్ల మచ్చ వేస్తాయి. కాఫీకీ ఇదే వైద్యం.

రక్తం - అసలుదీ, సినిమాదీ

అసలు రక్తానికి వేడి నీళ్లు చూపించారో, గుడ్డు ఉడికినట్టు ఉడికి అక్కడే అతుక్కుపోతుంది. చల్లటి నీళ్లే. ఓపిగ్గా అద్దుతూ ఉండాలి. లేతరంగు సింథటిక్ తివాచీ అయితే, చివరికి మిగిలిన మచ్చకి మందుల షాపులో దొరికే మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు చుక్కలు వాడొచ్చు, మూల మీద పరీక్షించాకే సుమా! ముదురు రంగులకీ ఉన్నికీ దాని జోలికి పోవద్దు.

సినిమా రక్తం సంగతి వేరు. 1960లో హిచ్‌కాక్ ‘సైకో’ తీసినప్పుడు స్నానాల గది హత్య సీన్లో కారింది చాక్లెట్ సిరప్! నలుపు తెలుపు సినిమా కదా, ఎవరికి తెలుస్తుంది? రంగుల సినిమా వచ్చాక ఆ పప్పులు ఉడకలేదు. పాకంలో ఎర్ర రంగు కలపాల్సొచ్చింది. ఆ పాకం చల్లటి నీళ్లకి పోతుంది గానీ ఆ ఎర్ర రంగుందే, అది మొండి ఘటం. అసలు రక్తం కన్నా సినిమా రక్తమే ఎక్కువ ఏడిపించేది మమ్మల్ని. మీ ఇంట్లో కేకు మీది ఎర్ర క్రీమూ, రంగు షర్బత్తూ ఒలికితే జరిగేదీ ఇదే. ఆరనివ్వకుండా వెంటనే అద్దడమే దానికి మందు.

నెయ్యి, లిప్‌స్టిక్, ఇంకు, మైనం

నెయ్యో నూనో పడితే ముందు నీళ్లు పోయకండి. మేకప్ రూంలో మాకు దొరికేది టాల్కం పౌడర్. మీ వంటింట్లో కార్న్‌ఫ్లోర్ ఉంటుంది. ఏదైనా సరే మందంగా చల్లి, ఓ గంట వదిలేసి, బ్రష్‌తో దులిపేయండి. జిడ్డు చాలా వరకు పిండి తాగేస్తుంది. మిగిలినదానికి సబ్బు నీళ్లు.

లిప్‌స్టిక్, బాల్ పెన్ ఇంకు మరకలకి స్పిరిట్. దూది మీద వేసుకుని అద్దాలి గానీ తివాచీ మీద ఒంపకూడదు. కిందికి దిగితే వెనకున్న రబ్బరు పొరని వదులు చేస్తుంది. చుట్టుపక్కల అగ్గిపుల్ల గీయకూడదని వేరే చెప్పాలా?

కొవ్వొత్తి మైనం, చూయింగ్ గమ్ అంటుకుంటే ప్లాస్టిక్ సంచీలో ఐసు ముక్కలు వేసి దాని మీద పెట్టండి. గట్టిపడి పెళ్లలుగా ఊడొస్తుంది.

పసుపు - మన ఇంటి మొండిఘటం

కూర మరకో పసుపు మరకో పడగానే సబ్బు రాస్తే ఎర్రగా మారి గుండె గుభేలుమంటుంది. భయపడకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందిగా? అదే సంగతి. సబ్బులో క్షారం తగిలి పసుపు ఎర్రబడుతుంది. వెనిగర్ నీళ్లు అద్దితే మళ్లీ పసుపు రంగుకొస్తుంది. ముందు పిండితో జిడ్డు తీసి, లిక్విడ్ నీళ్లతో వీలైనంత లాగి, మిగిలిన లేత పసుపుని సూర్యభగవానుడికి అప్పజెప్పండి. పసుపు రంగు ఎండకి నిలవదు. రెండు మూడు పూటల ఎండ చాలు. అయితే తివాచీ రంగు కూడా ఎండకి వెలుస్తుంది కనక రోజులకి రోజులు వదిలేయకండి.

పోయిన మరక మళ్లీ వచ్చిందా?

సీక్వెల్ తీసినట్టు, రాత్రి పోయిన మరక పొద్దున్నకి ప్రత్యక్షమవుతుంది. దయ్యమేం కాదు! ఎక్కువ నీళ్లు పోస్తే మరక అడుక్కి దిగుతుంది. పైన ఆరుతూంటే దీపం వత్తి నూనె పీల్చినట్టు పోగులు దాన్ని పైకి లాగుతాయి. అందుకే నీళ్లు తక్కువ, అద్దడం ఎక్కువ. పని అయ్యాక మందపాటి పొడి తెల్లగుడ్డ పరిచి, పైన ప్లాస్టిక్ కాగితం వేసి, దాని మీద బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేయండి. పైకొచ్చే మరక గుడ్డలోకి పోతుంది. తర్వాత ఫ్యాను వేసి పూర్తిగా ఆరబెట్టండి. తడిగా వదిలేస్తే బూజు, కంపు.

ఇంకో మాట, ఇది ప్రాణం సంగతి. ఒకటి పోలేదని దాని మీద ఇంకోటి పోయకండి. బ్లీచింగ్ నీళ్లనీ అమ్మోనియానీ, బ్లీచింగ్ నీళ్లనీ వెనిగర్ లేదా బాత్రూం యాసిడ్‌నీ కలిపితే విషవాయువు పుడుతుంది. తివాచీ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

అన్నట్టు, ఆస్కార్ వేడుకలో 1961 నుంచీ పరుస్తూ వచ్చిన ఎర్ర తివాచీని 2023లో షాంపేన్ రంగుకి మార్చారు. టీవీలో అది చూసి అందరూ తారల గౌన్లు మెచ్చుకుంటుంటే, నేను మాత్రం “అంత లేతరంగా? దాన్ని కడిగేవాడి గతేమిటి?” అని గొణుక్కున్నాను. మా ఇంటావిడ నవ్వింది. అలవాటు పోతుందా మరి!

మొన్న సంక్రాంతికి

మొన్న సంక్రాంతికి ఎనిమిదేళ్ల మా మనవరాలు “తాతయ్యా, నీకు నేనే టీ తెస్తా” అంటూ హైదరాబాదులో మా హాల్లోకి బయల్దేరింది. నేను పేపరు మడిచేసరికి టీ లేదు, మనవరాలు లేదు. తివాచీ మీద ఓ దిండు మాత్రం అడ్డంగా పడుంది. ఎత్తి చూస్తే కింద మరక. తలుపు వెనక పిల్ల, కళ్లనిండా నీళ్లు.

ఆ దిండు చూడగానే నాకు ఆ టీపాయ్ గుర్తొచ్చింది. మరకని మించి భయమే మరకని ముదరబెడుతుందండీ. భయపడి దాచేస్తాం. దాచిన మరక ఆరి, గట్టిపడి కూర్చుంటుంది. లేదా కంగారుపడి చేతికి దొరికింది పోసి తోమేస్తాం. ఏ ఇంట్లో తిట్లెక్కువో ఆ ఇంట్లో మరకలు ఆలస్యంగా బయటపడతాయి. అందుకే బాబాయ్ మంత్రానికి ముందు నేను చేర్చిన మొదటి మెట్టు ఒకటుంది: ఒలికించినవాళ్లని కేకలెయ్యకండి.

“ఏడవకమ్మా, తెల్లగుడ్డ పట్రా” అన్నాను. ఇద్దరం కూర్చుని అద్దాం. నీళ్లు, లిక్విడ్, వెనిగర్, మళ్లీ నీళ్లు. రాత్రి దాని మీద నా పాత పుస్తకాల కట్ట పెట్టాం. పొద్దున్నే లేచి వెళ్లి చూసి, ఎగిరి గంతేసింది. “నీకిదంతా ఎవరు నేర్పారు తాతయ్యా?” అంది. బాబాయ్ గురించి చెప్పాను. ఎందుకో, ఆ కుర్రాడి గురించీ చెప్పాను. ఇంట్లో ఇంతకు ముందెప్పుడూ చెప్పలేదు.

ఆ సంఘటన జరిగిన మర్నాడు వాడి చేతిలో కొంత డబ్బు పెట్టబోయాను. పుచ్చుకోలేదు. “టీ ఒలికించింది నేనే కదన్నా!” అన్నాడు. తప్పంతా తనదేనని నిజంగా నమ్మాడు వాడు. అప్పుడైనా నిజం చెప్పి, మేనేజరుగారి దగ్గరికి తీసుకెళ్లాల్సింది. నా ఉద్యోగం గుర్తొచ్చింది, ఊరుకున్నాను. ఆ షెడ్యూలు అయ్యాక వాడు ఇంకో కంపెనీకి వెళ్లిపోయాడన్నారు. మళ్లీ కనపడలేదు.

“మరి ఆ అన్నకి సారీ చెప్పావా?” అంది మనవరాలు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు వాడికీ యాభై దాటి ఉంటాయి. సినిమా పత్రికలు చదివే అలవాటుందో లేదో. ఉంటే, ఈ పేజీ కంటబడితే, ఒక్క మాట: తమ్ముడూ, ఆ రోజు నువ్వు ఒలికించిన టీ, చన్నీళ్లకీ కాస్త పులుపుకీ పోయేదే. పోకుండా చేసింది నేను.